అందరికీ పట్టే చెమట కాదిది

(పాలకొల్లులో డిగ్రీ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కలిసిన ఒక సభలో చర్మవ్యాధుల డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం అండి. ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, వెనక గోడ వారగా నిలబడ్డ పిల్లలకి అందరికీ నమస్కారం. ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి, అయినా ఈ హాల్లో ఒళ్లు పొడిగా ఉన్నవాళ్లు ఒక్కరూ కనిపించడం లేదు. వేసవి సాయంత్రం, పైగా డెల్టా. చుట్టూ కాలువలు, చేపల చెరువులు, వరిచేలు, ఆ పక్కనే సముద్రం. గాలిలోనే అంత తడి ఉన్నప్పుడు ఒంటి మీద చెమట ఆరదు. అందుకే మన ఊళ్లలో ఎవరైనా "నాకు చెమటలు ఎక్కువండీ" అంటే "ఎవరికి పట్టట్లేదమ్మా" అని తీసిపారేస్తారు.

ఆ మాట దగ్గరే ఆగిపోయి, జబ్బున్న పిల్లలు డాక్టరు దాకా రావడం లేదు. ఇవాళ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ధనుర్మాసంలో, తెల్లవారుజామున మంచు పడుతుండగా కాలేజీ బస్సు ఎక్కిన అమ్మాయికి చంకలు తడిసి, ఆ తడి నడుము దాకా దిగిందంటే అది ఉక్కపోత కాదు. దానికొక పేరుంది, హైపర్‌హైడ్రోసిస్, అంటే అధిక చెమట జబ్బు. వైద్యం ఉంది. ఆ వైద్యాల్లో ఒకటి జనం బొటాక్స్ అని పిలిచే ఇంజెక్షన్. మీరు పిలిచింది కూడా ఆ ఇంజెక్షన్ గురించి చెప్పమనే. చెబుతాను. కానీ అది ఎవరికి, ఎప్పుడు అనేది తెలియకుండా ఇంజెక్షన్ గురించి మాట్లాడితే ఉపయోగం లేదు. అందుకని కాస్త ముందునుంచి మొదలుపెడతాను.

ఈ ఇబ్బందితో వచ్చే అమ్మాయిల్ని గుమ్మంలోనే గుర్తుపట్టొచ్చు. ఎండాకాలంలో కూడా నల్లరంగో, ముదురు నీలమో వేసుకుంటారు. లేత రంగులు, బూడిదరంగు అసలు కొనరు, తడి ఇట్టే కనపడుతుంది కాబట్టి. చున్నీ రెండు భుజాల మీద పిన్ను పెట్టి కిందికి వదిలేస్తారు. మోచేతులు ఒంటికి ఆనించి కూర్చుంటారు. బస్సులో నిలబడాల్సి వస్తే పైన ఉన్న రాడ్డు పట్టుకోరు, సీటు అంచు పట్టుకుంటారు. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తరు. చంకలో కర్చీఫు మడిచి పెట్టుకుని వచ్చేవాళ్లున్నారు. జాకెట్టు కుట్టే దర్జీని లోపల రెండు పొరలు వెయ్యమని బతిమాలుకునేవాళ్లున్నారు. బ్యాగులో ఇంకో జత బట్టలు ఉంటాయి. ఇంత చేస్తున్నట్టు పక్కన కూర్చున్న అమ్మకి కూడా చాలాసార్లు తెలియదు. "ఊరికే టెన్షన్ పడుతుందండీ, అంతకుమించి ఏం లేదు" అంటుంది ఆవిడ. టెన్షన్ వల్ల చెమట పెరిగే మాట నిజమే. కానీ ఇక్కడ చాలావరకు చెమట ముందు, టెన్షన్ తర్వాత. తడుస్తుందేమో అన్న భయంతో ఇంకా తడుస్తుంది.

తల్లులకి ఒక మాట. ఈ పిల్లలు మురికిగా ఉండేవాళ్లు కాదు. రోజుకి రెండు మూడుసార్లు స్నానం చేసే పిల్లలు వీళ్లు. "సరిగ్గా రుద్దుకోవే" అని దయచేసి అనకండి.

చెమట ఎందుకు పడుతుందో చూద్దాం. మన ఒంట్లో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా చెమట గ్రంథులు ఉంటాయి. ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరైతే సుమారు 580 చిన్న కేలరీల, అంటే తిండి లెక్కలో అర కేలరీకి కాస్త ఎక్కువ వేడిని పట్టుకుపోతుంది. ఒళ్లు చల్లబడేది అలాగే. ఇక్కడ గమనించండి, చల్లబరిచేది ఆరిన చెమట. బొట్లు బొట్లుగా కిందికి కారిపోయిన చెమట వల్ల ఆ లాభం లేదు. రాయలసీమలో ఎండ ఇంతకన్నా ఎక్కువ కాసినా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరుతుంది. మన దగ్గర ఆరదు. అందుకే నరసాపురంలో, అంతర్వేదిలో ఎండ తక్కువున్న రోజు కూడా ప్రాణం ఉసూరుమంటుంది.

చంకలో రెండు రకాల గ్రంథులు ఉంటాయి. ఒకటి ఒళ్లంతా ఉండేవి, నీళ్లలాంటి చెమట ఇచ్చేవి. రెండోవి ఈడు వచ్చాక పనిచేయడం మొదలుపెట్టేవి, కాస్త చిక్కటి ద్రవం ఇస్తాయి. వాసన ప్రధానంగా ఆ రెండోదాని వల్ల, అదీ చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టాక. మనం మాట్లాడుకునే జబ్బు మొదటి రకానిది. చాలామందికి ధారగా కారుతుంది కానీ వాసనే ఉండదు. తడికి, వాసనకి ముడిపెట్టడం వల్లే ఈ పిల్లలు అంత సిగ్గుపడుతున్నారు.

ఈ గ్రంథులకి పని చెప్పేది నరం. నరం కొస దగ్గర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, అది గ్రంథికి తగులుతుంది, చెమట వస్తుంది. జబ్బున్నవాళ్లలో గ్రంథులు ఎక్కువ ఉండవు, పెద్దగానూ ఉండవు. నరం నుంచి వచ్చే ఆదేశమే అవసరానికి మించి వస్తుంటుంది. చాలామందికి ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటుంది. నాన్నకో, మేనత్తకో ఉండే ఉంటుంది, ఎవరూ పైకి అని ఉండరు.

ఇది జబ్బా, మామూలు చెమటా అనేది ఎలా తేలుస్తాం? వేరే కారణమేదీ కనపడకుండా ఒకే చోట, పైకి కనిపించేంత చెమట ఆరు నెలలకి పైగా పడుతుండాలి. దానికితోడు కొన్ని ప్రశ్నలు అడుగుతాం. రెండు పక్కలా సమానంగా ఉందా? వారానికి ఒక్కసారైనా వస్తుందా? పాతికేళ్ల లోపు మొదలైందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? రోజువారీ పనులకి అడ్డొస్తోందా? నిద్రలో ఆగిపోతుందా? వీటిలో కనీసం రెండింటికి అవునంటే ఈ జబ్బు కిందే లెక్క. నేను నిద్ర ప్రశ్నని అన్నిటికన్నా గట్టిగా అడుగుతాను. ఈ జబ్బులో మనిషి నిద్రపోతే చంకలు పొడిబారతాయి. రాత్రిపూట దుప్పటి తడిసేలా చెమటలు పడుతుంటే దారి వేరే. టీబీ ఉందేమో, థైరాయిడ్ ఉందేమో, అరుదుగా లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) లాంటిదేమైనా ఉందేమో చూడాలి. కొన్ని మానసిక వైద్యపు మందుల వల్ల కూడా చెమట పెరుగుతుంది. నెలసరి ఆగే వయసులో ఉన్న ఆడవాళ్లకి ఒక్కసారిగా వేడి సెగలు, చెమటలు రావడం ఇంకొకటి.

ఇది అరుదైన జబ్బు అనుకోకండి. అమెరికాలో జరిపిన ఒక పెద్ద సర్వే 2004లో అచ్చయింది. జనాభాలో 2.8 శాతం మందికి ఈ అధిక చెమట ఉందని, అందులో సగం మందికి చంకల్లోనేనని తేలింది. వాళ్లలో డాక్టరుతో ఆ సంగతి చెప్పుకున్నది నూటికి 38 మంది. అంత ఆసుపత్రి సౌకర్యం ఉన్న దేశంలోనే సగానికి పైగా నోరు విప్పలేదు. "ఎవరికి పట్టట్లేదు" అనే మన గోదావరి జిల్లాల్లో ఎంతమంది చెప్పుకుంటారో మీరే ఊహించండి.

అసలు విషయంలోకి వెళ్లేముందు, ఇక్కడ రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది చెప్పకుండా ముందుకు పోలేను. చేలో పురుగుమందు కొట్టి వచ్చిన మనిషికి ఉన్నట్టుండి చెమటలు ధారగా కారుతూ, నోట్లోంచి చొంగ, కళ్లలోంచి నీళ్లు, వాంతులు, కంటిపాప సూదిమొనంత చిన్నదైపోవడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ని విరగ్గొట్టే ఎంజైముని పనిచేయనివ్వవు. దాంతో ఆ రసాయనం నరాల దగ్గర పేరుకుపోతుంది. చెమట అక్కడినుంచి వస్తుంది. మందు తడిసిన బట్టలు విప్పేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బా కూడా పట్టుకుని 108లో ఆసుపత్రికి తీసుకెళ్లండి. అట్రోపిన్ అనే విరుగుడు మందు ఇస్తారు. కడిగేవాళ్లు చేతులకి గ్లోవ్స్ వేసుకోవాలి. ఛాతీలో నొప్పితో చల్లటి చెమటలు పట్టినా, షుగర్ మందు వేసుకున్నవాళ్లకి వణుకుతో చెమటలు పట్టినా అదీ అత్యవసరమే. ఈ చెమటలేవీ చర్మం డాక్టరు చూడాల్సినవి కావు.

సరే, చంకలకి వద్దాం. ఇంజెక్షన్ మొదటి మెట్టు కాదు. ముందు వాడాల్సింది అల్యూమినియం క్లోరైడ్ ఉన్న లోషన్. షాపుల్లో దొరికే స్ప్రేలలో చాలావరకు డియోడరెంట్లు, అవి వాసనని కప్పుతాయి, చెమటని ఆపవు. డాక్టరు రాసే లోషన్‌లో అల్యూమినియం క్లోరైడ్ 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. అది చెమట నాళం నోటి దగ్గర బిరడాలా గడ్డకట్టి చెమటని అడ్డుకుంటుంది. దీన్ని చాలామంది తప్పుగా వాడి, పనిచేయలేదని పారేస్తారు. పొద్దున్నే స్నానం చేసి తడిచంకలో రాసుకుంటే మంట పుడుతుంది, ఫలితమూ ఉండదు. రాత్రి పడుకునే ముందు, ఫ్యాన్ కింద చంక పూర్తిగా ఆరాక రాయాలి. నిద్రలో చెమట ఆగుతుందని చెప్పాను కదా, మందు పనిచేయడానికి ఆ సమయమే మంచిది. పొద్దున్నే కడిగేసుకోవాలి. వెంట్రుకలు తీసిన రోజు రాయకూడదు. మొదట రోజూ, చెమట తగ్గాక వారానికి ఒకటి రెండుసార్లు. నెలరోజులు ఇలా శ్రద్ధగా వాడితే చాలామందికి ఇంజెక్షన్ మాటే అక్కర్లేదు.

మాత్రలు కూడా ఉన్నాయి. గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యుటినిన్. ఇవి ఒంట్లో అన్నిచోట్లా ఎసిటైల్‌కోలిన్ పనిని తగ్గిస్తాయి కాబట్టి నోరు ఎండిపోతుంది, మలబద్ధకం, చూపు మసకబారడం ఉంటాయి. మన వాతావరణంలో నాకు వీటితో ఉన్న భయం వేరే. వేసవిలో చెరువు గట్ల మీద, చేలో పనిచేసే మనిషికి ఒళ్లంతా చెమట తగ్గించేస్తే ఒంట్లో వేడి బయటికి పోదు, వడదెబ్బ తగులుతుంది. ఎండలో పనిచేసేవాళ్లకి ఈ మాత్రలు రాయాలంటే నేను ఒకటికి నాలుగుసార్లు ఆలోచిస్తాను.

ఇంజెక్షన్‌కి ఆ చిక్కు లేదు. ఒంట్లోని చెమట గ్రంథుల్లో చంకల్లో ఉండేవి 2 శాతం కన్నా తక్కువ. ఆ కాసినీ ఆపినంత మాత్రాన ఒంటి చల్లదనానికి లోటు రాదు.

ఇందులో వాడే మందు బొటులినమ్ టాక్సిన్. జనం నోట్లో బొటాక్స్ అని నలిగింది, అది ఒక కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేరు. విషమే, దాచాల్సిన పని లేదు. క్లోస్ట్రిడియమ్ బొటులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేస్తుంది. సరిగ్గా నిల్వచేయని మాంసంలో, డబ్బా ఆహారంలో పుట్టి మనుషుల్ని చంపిన విషం ఇది. 1820ల్లో జర్మనీలో జస్టినస్ కెర్నర్ అనే డాక్టరు, ఆయన కవి కూడా, పాడైన మాంసం తిని చనిపోతున్నవాళ్ల లక్షణాలు ఒక్కొక్కటే రాసిపెట్టాడు. కండరాలు పడిపోవడంతో పాటు వాళ్లకి కన్నీళ్లు, ఉమ్మి, చెమట ఎండిపోతున్నాయని గమనించాడు. కొలిచి కొద్దిగా ఇస్తే ఇదే మందుగా పనికొస్తుందేమో అని కూడా అప్పుడే అన్నాడు. విషాన్ని చూసి భయపడి వదిలేయకుండా అంత ఓపిగ్గా చూసిన మనిషంటే నాకు చాలా గౌరవం. ఆయన ఊహ నిజం కావడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. అమెరికాలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్నుకి దీన్ని వాడి 1980లో ఫలితాలు ప్రచురించాడు. 1989లో అక్కడ మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ మెల్లకన్నుకి, కనురెప్పల బిగువుకి అనుమతి ఇచ్చింది. ముఖం ఒక పక్క కొట్టుకునే జబ్బుకి ఈ ఇంజెక్షన్ చేస్తుంటే, చేసిన పక్క చెమట పట్టడం లేదని డాక్టర్లు 1990ల్లో గమనించారు. చంకలకి దారి అక్కడ దొరికింది. పైపూత మందులకి లొంగని తీవ్రమైన చంక చెమటకి ఎఫ్‌డీఏ 2004లో అనుమతి ఇచ్చింది.

ఇది ఏం చేస్తుంది? నరం కొసలో ఎసిటైల్‌కోలిన్ చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది. సంచి నరం అంచుకి అతుక్కుని తెరుచుకోవాలంటే కొన్ని ప్రొటీన్లు కావాలి. అందులో స్నాప్-25 అనేదాన్ని ఈ మందు కత్తిరిస్తుంది. సంచి తెరుచుకోదు, గ్రంథికి ఆదేశం అందదు. చేనూ బాగానే ఉంది, కాలువలో నీరూ ఉంది, మధ్యలో తూము మూశాం, అంతే. కొన్ని నెలలకి నరం కొత్త కొసలు వేసుకుంటుంది, పాతదీ కోలుకుంటుంది, చెమట మళ్లీ మొదలవుతుంది. గ్రంథికి శాశ్వతంగా ఏమీ కాదు. ఇందాక చెప్పిన పురుగుమందు ఎసిటైల్‌కోలిన్‌ని పేరుకునేలా చేస్తే, ఈ మందు దాన్ని బయటికే రానివ్వదు. ఒకే రసాయనం, పూర్తిగా ఎదురు దిశలు.

పనిచేస్తుందా అంటే, దీని మీద బాగా కట్టుదిట్టంగా పరీక్షలు జరిగాయి. 2001లో జర్మనీ డాక్టర్లు 145 మంది మీద చేసినది నాకు చాలా నచ్చుతుంది. ప్రతి మనిషికీ ఒక చంకలో మందు, రెండో చంకలో ఉత్తినే మందులేని ద్రవం ఇచ్చారు. ఏ పక్క ఏది అన్నది వాళ్లకి తెలియదు. ఒకే మనిషి, ఒకే ఎండ, ఒకే టెన్షన్. చెమటని కాగితంతో అద్ది తూకం వేశారు. మొదట్లో నిమిషానికి సగటున 192 మిల్లీగ్రాముల చెమట. రెండు వారాల తర్వాత మందు వేసిన చంకలో 24, వేయని చంకలో 144. ఇంతకన్నా తేటగా చూపించడం కష్టం.

ఇప్పుడు గదిలో ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే పిల్లల భయమంతా అక్కడే. ముందురోజు నుంచి స్ప్రేలు, లోషన్లు మానెయ్యాలి. చంకల్లో వెంట్రుకలు తీసేసుకుని రావాలి. పడుకోబెట్టి, చెయ్యి తల వెనక పెట్టుకోమంటాం. చంక తుడిచి పొడిగా చేసి అయోడిన్ రాస్తాం. అయోడిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి. అది ఆరాక గంజిపొడి, అంటే స్టార్చ్, పల్చగా చల్లుతాం. స్కూల్లో బంగాళదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లబడింది గుర్తుందా? ఇక్కడా అదే జరుగుతుంది, కానీ తడి తగిలిన చోటే. అయిదారు నిమిషాల్లో చెమట పట్టే రంధ్రాల దగ్గర ముందు నల్లటి చుక్కలు లేస్తాయి. చూస్తుండగానే చుక్కలు కలిసి ఊదా నలుపు మచ్చ అవుతుంది. కొందరికి అది వెంట్రుకలున్న చోటే ఉంటుంది, కొందరికి ఒక పక్కకి, రొమ్ము వైపుకో వీపు వైపుకో జారి ఉంటుంది. ఆ అంచు పెన్నుతో గీస్తాం. ఈ పరీక్ష చేయకుండా గుడ్డిగా మధ్యలో పొడిచేస్తే అసలు తడిసే చోటు తప్పిపోవచ్చు. అద్దంలో ఆ మచ్చ చూసుకుని ఏడ్చిన అమ్మాయిలున్నారు, భయంతో కాదు. ఇన్నేళ్లు ఎవరికీ నమ్మకం కలగని విషయం కళ్లముందు నల్లగా కనపడింది కాబట్టి. తల్లులు కూడా అప్పుడే నోట మాట రాక చూస్తారు.

తర్వాత మత్తు క్రీము రాసి ముప్పావు గంట, గంట ఆగొచ్చు, లేదా ఐస్ పెట్టొచ్చు. సూది చాలా సన్నం, ఇన్సులిన్ సూదిలాంటిది. కండలోకి వెళ్లదు, చర్మం పైపొరల్లోనే ఆగుతుంది. ప్రతి చోటా శనగగింజంత దద్దురు లేచి కాసేపటికి అణిగిపోతుంది. ఎక్కువగా వాడే రకంలో అయితే ఒక్కో చంకకి 50 యూనిట్లు, ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో 10 నుంచి 15 చోట్ల. చురుక్కుమంటుంది, ఓర్చుకోలేని నొప్పి కాదు. రెండు చంకలకీ అరగంటలోపు అయిపోతుంది. అదే రోజు కాలేజీకి వెళ్లిపోవచ్చు. ఆ రోజు బరువులెత్తడం, ఆటలు వద్దు, చంకలు గట్టిగా రుద్దొద్దు.

రెండు నుంచి నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది, రెండు వారాలకి పూర్తి ఫలితం. అది సాధారణంగా నాలుగు నుంచి తొమ్మిది నెలలు నిలుస్తుంది, చాలామందికి ఆరేడు నెలలు. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటారు కదా, ఆ రోజుల్లో చేయించుకుంటే ఎండాకాలం, ఆ తర్వాత వానల్లో వచ్చే ఉక్క కూడా చాలావరకు దాటిపోతుంది.

ఇబ్బందులు లేవని చెప్పను. సూది పడిన చోట కాస్త కమిలి నీలంగా మారొచ్చు, రెండు మూడు రోజులు సలుపు ఉండొచ్చు. కొద్దిమందికి ఇంకో చోట చెమట కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి చేయం. మయస్థీనియా గ్రావిస్ లాంటి నరాల, కండరాల జబ్బులున్నవాళ్లకి చేయకూడదు. చంకలో సెగ్గడ్డ, పుండు ఉంటే అది మానాకే. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పాలి, అవి ఈ మందు ప్రభావాన్ని పెంచుతాయి. ఇంజెక్షన్ తర్వాత ఎన్నడైనా మింగడానికి, ఊపిరి పీల్చడానికి కష్టమైతే, రెప్పలు వాలిపోతుంటే వెంటనే ఆసుపత్రికి రావాలి. చంకలకి వాడే మోతాదులో ఇది చాలా అరుదు, అయినా తెలిసి ఉండాలి.

ఇక్కడ గట్టిగా ఒకటి చెబుతాను. దీన్ని బ్యూటీపార్లర్లో చేయించుకోకండి. ఎక్కువగా వాడే రకం మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే, అట్టపెట్టెలో బస్సు మీద వస్తే, ఆ సీసాలో ఏం మిగిలిందో ఎవరూ చెప్పలేరు. 2024లో అమెరికాలో నకిలీ బొటులినమ్ ఇంజెక్షన్లు వేయించుకుని కొందరు ఆసుపత్రి పాలయ్యారు, ప్రభుత్వమే హెచ్చరిక జారీ చేసింది. సీసా మీ ముందు తెరవమనండి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోన్లో ఫోటో తీసుకోండి. ఎన్ని యూనిట్లు ఇస్తున్నారో రాసివ్వమనండి. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు, కాబట్టి అంకె ఒక్కటే కాదు, పేరు కూడా రాయించుకోవాలి. అలా అడిగితే మంచి డాక్టరు ఎవరూ చిన్నబుచ్చుకోరు.

నరసాపురం వైపు నుంచి వచ్చిన అమ్మలు ఉన్నారు, అరచేతుల చెమట గురించి ఇందాకే అడిగారు. లేసు అల్లే చేతులకి చెమట పడితే తెల్లదారం మాసిపోతుంది, సూది జారుతుంది, మాసిన ముక్క వెనక్కి వస్తే కూలి పోతుంది. వాళ్లకి ఇది తిండి సమస్య. అరచేతులకి కూడా ఇదే ఇంజెక్షన్ చేయొచ్చు. కానీ అక్కడ నొప్పి చాలా ఎక్కువ, పైగా కొన్ని వారాలు వేళ్ల పట్టు తగ్గే ప్రమాదం ఉంది. లేసు అల్లే మనిషికి ఆ పట్టే కదా జీవనాధారం. అందుకని నేను ముందు అయాంటోఫొరెసిస్ చెబుతాను. రెండు పళ్లేల్లో మామూలు కుళాయి నీళ్లు పోసి, చేతులు అందులో పెట్టి, చాలా తక్కువ కరెంటు పంపుతారు. దానికి వేరే యంత్రం ఉంటుంది, ఇంట్లో ఎవరూ సొంతంగా తయారుచేసి ప్రయత్నించకూడదు. వారానికి మూడుసార్లు చొప్పున కొన్ని వారాలు చేస్తే చాలామందికి చేతులు ఆరతాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఇది పనికిరాదు.

చీటీలు వచ్చాయి, చదువుతాను.

"విషం ఒంట్లో నిల్వ ఉండిపోదా?" ఉండదు. ఆ ప్రొటీన్ నరం కొసల దగ్గర పనిచేసి క్రమంగా విరిగిపోతుంది. చెమట తిరిగి రావడమే దానికి గుర్తు.

"చంకలో ఆపిన చెమట ఎటు పోతుంది, లోపలే ఉండిపోతుందా?" చెమట ముందే తయారై ఎక్కడో దాగి ఉండదమ్మా. ఆదేశం వస్తేనే గ్రంథి తయారుచేస్తుంది. ఆదేశం రాలేదు, తయారవ్వలేదు. ఛాతీ లోపల నరం కత్తిరించే ఆపరేషన్ ఒకటుంది, అందులో మాత్రం వీపు మీద, పొట్ట మీద చెమట విపరీతంగా పెరిగే ప్రమాదం గట్టిగా ఉంది, ఒకసారి చేశాక వెనక్కి తిప్పడమూ కష్టం. చంకల కోసం ఆ ఆపరేషన్‌కి తొందరపడొద్దని నా సలహా.

"మా అమ్మాయికి పెళ్లి కుదిరింది, ముందు చేయించొచ్చా, పిల్లలు పుట్టడానికి అడ్డమా?" చేయించొచ్చు. పీటల మీద కూర్చునే రోజుకి మూడు నాలుగు వారాల ముందు రండి, పెళ్లినాటికి కమిలిన మచ్చలు పోతాయి, ఎక్కడైనా మిగిలిన చోటు ఉంటే సరిచేయడానికి వ్యవధి ఉంటుంది. సంతానానికి అడ్డం కాదు. గర్భం వచ్చాక మాత్రం చేయం. ఇంకోటి అడగాలి మిమ్మల్ని. పెళ్లివారికి చెప్పకూడదని దాచిపెట్టి చేయిస్తున్నారా? ఆరు నెలలకి మళ్లీ చేయించుకోవాల్సిన వైద్యం ఇది. ఆ అబ్బాయికి తెలియనివ్వండి. దాచుకోవాల్సిన జబ్బు కాదని ఇంతసేపు చెప్పింది అందుకే.

"ఎంత ఖర్చవుతుంది?" ఊరిని బట్టి, మందు కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి నేనిక్కడ అంకె చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టించను. వేలల్లోనే ఉంటుంది, ఖర్చంతా దాదాపు మందుదే, ఏడాదికి ఒకటి రెండుసార్లు పడుతుంది. అందుకే లోషన్ శ్రద్ధగా వాడి చూడమని అంత నొక్కి చెప్పాను. ఖరీదు భరించలేనివాళ్లకి పరీక్షలున్న నెలల కోసమో, ఉద్యోగం ఇంటర్వ్యూల ముందో ఒక్కసారి చేయించుకున్నా మేలే. మానేస్తే ముందున్న దానికన్నా ఎక్కువ కాదు, పాత స్థితికే వస్తుంది.

ఈ చీటీ మీద పేరు లేదు. "నేను అబ్బాయిని. మగాళ్లు కూడా వస్తారా?" వస్తారు నాయనా. ఈ జబ్బు ఆడ, మగ ఇద్దరికీ దాదాపు సమానంగానే ఉంటుంది. మగపిల్లలు ఇంకా ఆలస్యంగా వస్తారు, చొక్కా మీద ఉప్పు చారలు పట్టినా కష్టపడే మనిషి అనుకుంటారు కాబట్టి. వైద్యం అదే, వరస కూడా అదే. చిన్న కాగితం మీద మూడు సంగతులు రాసుకుని రా. ఏ వయసులో మొదలైంది, నిద్రలో పడుతుందా లేదా, ఇంట్లో ఇంకెవరికుంది. ఇప్పుడేమైనా మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా తెచ్చుకో. నా కోసం భీమవరం దాకా రానక్కర్లేదు, దగ్గర్లో ఉన్న చర్మవ్యాధుల డాక్టరు ఎవరైనా చూస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకున్నా మొదటి లోషన్ దాకా అక్కడే రాయించుకోవచ్చు.